కోటగోడ లోపల బంతాట

గోల్ఫు చూడ్డానికి వెళ్ళొచ్చానంటే మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోవడం వాళ్ళ తప్పు కాదు. గుమ్మడిదలలో వుండే మనిషికి గోల్ఫుతో పనేమిటి చెప్పండి? మా వైపు గోడలంటే ఫ్యాక్టరీ గోడలు, మైదానాలంటే రాళ్ళు పాతిన ప్లాట్లు. పిల్లలు క్రికెట్ ఆడుకుందామంటే బడి ఆవరణ ఒక్కటే గతి. పచ్చగా కనిపించే చోటల్లా ఎవరిదో బోర్డు వుంటుంది.

కథంతా మా మేనల్లుడితో మొదలైంది. వాడు గడ్డపోతారం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాళ్ళ పై ఆఫీసరుకి గోల్ఫంటే ప్రాణమట. ఆయన వెంట వెళ్ళి వెళ్ళి వీడికీ ఆ జబ్బు అంటుకుంది. కార్తీకమాసం ఆదివారం పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"అత్తమ్మా, ఇయాల నువ్వు నాతోని రావాలె. గ్రౌండంత కొత్తగ చేసిన్రు. చూస్తె నీకే తెలుస్తది."

"నేనొచ్చి ఏం చెయ్యనురా? ఈ వయసులో బంతులు ఏరనా?"

"అది గోల్కొండ కోటల ఉన్నది అత్తమ్మా. నయాఖిలాల."

అంతే, ఇక నోరెత్తలేదు. ముప్పయ్యేళ్ళు బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పిన ప్రాణం కదా, నయాఖిలా అనగానే చెప్పుల కోసం వెతుక్కున్నాను. పక్కింటి వదినె మాత్రం, "కార్తీకంలో వెళ్తున్నారు, వనభోజనానికి జాగా బాగుందేమో చూసి రండి" అని ఓ పని అప్పజెప్పింది. నవ్వేశాను గానీ తిరిగొచ్చేదాకా ఆ మాటే నన్ను వెంటాడుతుందని అప్పుడు తెలీదు.

గండిమైసమ్మ, మియాపూరు, గచ్చిబౌలి దాటుకుంటూ వెళ్ళాం. గోల్కొండకున్న దర్వాజాల్లో ఒకదాని పేరు పటాన్‌చెరు దర్వాజా. మా పటాన్‌చెరే! ఒకప్పుడు మావైపు దారి ఆ గుమ్మంలోంచే కోటలోకి పోయేదన్నమాట. ఇప్పుడు పటాన్‌చెరు అనగానే జనానికి ఫ్యాక్టరీలూ, వాగుల్లో రంగునీళ్ళూ గుర్తొస్తాయి. ఆ నీళ్ళ గొడవ 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోటగుమ్మానికి మాత్రం ఆ పేరు అలాగే వుండిపోయింది.

మేము జమాలీ దర్వాజా వైపునుంచి వెళ్ళాం. నయాఖిలా అంటే 'కొత్త కోట'. కొత్తదంటే మూడువందల అరవయ్యేళ్ళ పైమాటే లెండి. పాత గోల్కొండకి ఈశాన్యాన బొడిపెలా ముందుకి పొడుచుకొచ్చిన భాగం యిది. ఇది ఎందుకు కట్టారో చెప్పాలంటే ఒక తల్లి కథ చెప్పాలి. క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు ఆడపిల్లలు నిద్రపోయేవారు కాదు.

అబ్దుల్లా కుతుబ్‌షా గోల్కొండని ఏలుతున్న రోజులు. ఆయన దగ్గర మీర్ జుమ్లా అని ఒక మంత్రి. వజ్రాల వ్యాపారంతో పైకొచ్చినవాడు. రాజు కన్నా మంత్రికే ఎక్కువ డబ్బుంటే ఆ కాపురం ఎన్నాళ్ళు సాగుతుంది? ఇద్దరికీ చెడింది. మంత్రి కొడుకు దర్బారులో తప్పతాగి మర్యాద తప్పాడని రాజు వాణ్ణి ఖైదు చేయించాడు. మీర్ జుమ్లా మొగలాయీల పంచన చేరాడు. అప్పుడు దక్కనులో మొగలాయీల సుబేదారు ఎవరనుకున్నారు? ఔరంగజేబు. ఆయనకి కావలసింది ఒక సాకు. 1656 జనవరిలో ఆయన కొడుకు సైన్యంతో హైదరాబాదు మీద పడ్డాడు. రాజు నగరాన్ని వదిలేసి గోల్కొండ కోటలోకి పరుగెత్తాడు. వెనకాల నగరాన్ని లూటీ చేశారు.

ఇక ముట్టడి. అప్పుడు కోట గుమ్మం దాటి శత్రువు డేరాకి వెళ్ళినది సేనాపతి కాదు, రాజు తల్లి హయాత్ బక్షీ బేగం. ఆవిడ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు. ఒక రాజుకి కూతురు, ఒక రాజుకి భార్య, ఒక రాజుకి తల్లి. పెద్ద వయసులో ఔరంగజేబు దగ్గరికి వెళ్ళి కొడుకు తరఫున మాట్లాడింది. కోటి రూపాయలు ఇచ్చుకోవడం, మనవరాలిని ఔరంగజేబు పెద్ద కొడుక్కిచ్చి పెళ్ళి చెయ్యడం, అలా బేరం కుదిరింది. ఢిల్లీలో దారా షికో తండ్రి చెవిలో వేసిన మాటలు కూడా పనిచేశాయి. ముట్టడి ఎత్తేయమని షాజహాను ఉత్తరువు పంపాడు. పుస్తకాల్లో దారాకి ఎక్కువ మార్కులు వేస్తారు. నేను బేగంగారికి వేస్తాను. హయత్‌నగర్ మీద బస్సులో పోతున్నప్పుడు ఈసారి ఆవిణ్ణి తలుచుకోండి, ఆ పేరు ఆవిడదే.

గండం గడిచాక రాజుగారికి ఓ సంగతి బోధపడింది. కోటకి ఈశాన్యాన ఒక మిట్ట వుంది. శత్రువు దానిమీద ఫిరంగులు పెడితే కోటకి ముప్పు. అంచేత ఆ మిట్టనే కోటలో కలిపేసుకుందామని దానిచుట్టూ కొత్త గోడ కట్టించాడు. అదీ నయాఖిలా. భయంతో కట్టిన గోడ.

మరి ఆ గోడ అక్కరకొచ్చిందా? 1687లో ఔరంగజేబు పాదుషాగా మళ్ళీ వచ్చాడు. అప్పటికి అబ్దుల్లా అల్లుడు అబుల్ హసన్ రాజు. మన రామదాసుగారి కథలో తానీషా అంటామే, ఆయనే. ఎనిమిది నెలలు ముట్టడి సాగింది. గోడ కూలలేదు. సెప్టెంబరులో ఓ రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనేవాడు లంచం తిని లోపల్నుంచి తలుపు తీశాడు. అబ్దుర్ రజాక్ లారీ ఒక్కడు ఒంటినిండా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. అతని విశ్వాసం చూసి ఔరంగజేబే వైద్యుల్ని పంపాడంటారు. తానీషాని దౌలతాబాదులో ఖైదు పెట్టారు.

మా మేనల్లుడు గడియారం చూసుకుంటున్నాడు. "అత్తమ్మా, ఔరంగజేబు కథ ఒడిసిందా? నా టీ టైం అయితుంది."

"ఇంట్లో తాగొచ్చావుగా మళ్ళీ టీ ఏమిటిరా" అన్నాను. వాడు తల కొట్టుకున్నాడు. టీ అంటే మనం తాగేది కాదట! మొదటి దెబ్బ కొట్టేముందు బంతిని నిలబెట్టే చిన్న పుల్లని టీ అంటారట. ఆట మొదలెట్టే చోటూ టీయేనట. అది తేరుకునేలోగా, "మన కేడీ వచ్చిండు" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. మావైపు కేడీ అంటే పోలీసు స్టేషన్లో ఫోటో వుండేవాడు! తీరా చూస్తే, ఓ పెద్దమనిషి, నెరిసిన మీసాలు, తలకి టోపీ, భుజాన కర్రల సంచీ. ఆటగాడి వెంట సామాను మోస్తూ, ఏ దెబ్బకి ఏ కర్ర వాడాలో సలహా చెప్పేవాణ్ణి కేడీ అంటారట. 2021లో టోక్యో ఒలింపిక్సులో మన బెంగుళూరు అమ్మాయి అదితీ అశోక్ నాలుగో స్థానంలో నిలిచి పతకం తృటిలో పోగొట్టుకుంది చూశారా, ఆ అమ్మాయికి సంచీ మోసింది ఆమె తల్లే. ఆ సంగతి చెప్పాక కేడీ అనే మాట మీద నాకు గౌరవం పెరిగింది.

ఆట సంగతి చెప్పడం తేలికే. దూరంగా ఓ గుంట, చేతిలో ఓ కర్ర, కింద ఓ బంతి. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వెయ్యాలి. అలాంటి గుంటలు పద్ధెనిమిది. అవి కోటగోడల మధ్య, బండల మధ్య, గుట్టల వాలులో మెలికలు తిరుగుతూ వున్నాయి. గోళీలాటా చిర్రగోనే కలిపి నాలుగు గంటలపాటు నడుస్తూ ఆడితే గోల్ఫు. స్కాట్‌లాండులో గొర్రెల కాపర్లు కర్రతో రాళ్ళని కుందేటి బొరియల్లోకి కొట్టుకుంటూ మొదలెట్టారని ఒక కథ వుంది. కథ మాటెలా వున్నా, 1457లో అక్కడి రెండో జేమ్స్ రాజు ఈ ఆటని నిషేధించిన మాట నిజం. కుర్రాళ్ళు బాణాల సాధన మానేసి బంతుల వెంట పడుతున్నారని. మా బళ్ళో హెడ్మాస్టరుగారు క్రికెట్ మీద కోప్పడినట్టే.

ఒకటి మాత్రం మీకు చెప్పాలి. గోల్ఫు అనే మాటకి 'పెద్దమనుషులకే, ఆడవాళ్ళకి ప్రవేశం లేదు' అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలని ఎవరో పుట్టించారు. శుద్ధ అబద్ధం. మాట అంతకన్నా చాలా పాతది. డచ్చివాళ్ళ భాషలో కర్రని 'కోల్ఫ్' అంటారు, దానికి చుట్టం. మాట అబద్ధమైనా తీరు మాత్రం చాలాకాలం అలాగే నడిచింది. ఆడవాళ్ళు కర్రని భుజం పైకెత్తితే మర్యాద కాదనుకునే రోజుల్లో, 1867లో సెయింట్ ఆండ్రూస్ వూళ్ళో ఆడవాళ్ళు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. గుంట దగ్గరికొచ్చాక బంతిని మెల్లిగా దొర్లించే ఆట వరకే వాళ్ళది. పైకెత్తి కొట్టే పని లేదు. ఆ సంఘం ఇంకా నడుస్తోంది. అదే వూళ్ళోని పెద్ద క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఓటు వేసింది 2014లో! నూట నలభై ఏడేళ్ళు. మన కోడళ్ళకి తాళంచేతులు అందడం అంతకన్నా తొందరగానే జరిగిందేమో.

మన దేశానికి ఈ ఆటని మోసుకొచ్చింది దొరలు. కలకత్తాలో 1829లో మొదలైన క్లబ్బు బ్రిటిషు దీవుల బయట మొట్టమొదటిదంటారు. మన సికిందరాబాదు కంటోన్మెంటులో, బొల్లారంలో సైన్యంవాళ్ళు ఆడుకున్నారు. నీళ్ళు తక్కువైన చోట గడ్డి బదులు ఇసుకలో నూనె కలిపి గుంటలచుట్టూ పరిచి ఆడుకునే వాడుక కూడా వుండేది. నీళ్ళు లేని నేల మీద గడ్డి కోసం నీళ్ళు తేవడం తరవాతి కాలపు సరదా.

నయాఖిలాలో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్‌వాళ్ళూ పర్యాటక శాఖా కలిసి ముళ్ళకంపల నేలని విడతలుగా పచ్చికగా మార్చారు. ఇప్పుడు గోల్కొండ మాస్టర్స్ అని నగదు బహుమతులిచ్చే పోటీలు జరుగుతాయి. కొత్త భోజనశాల, కర్రలు పెట్టుకునే గది, కొత్తవాళ్ళు వరసగా నిలబడి బంతులు కొట్టి నేర్చుకునే చోటు, అన్నీ చూపించాడు మా వాడు. ఆడవాళ్ళ గది శుభ్రంగా వుంది. ఇది రాయకుండా వుండలేను, మనకి ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న అదే కదా.

నేను మాత్రం వచ్చింది చెట్టు కోసం. గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాస్తూంటే, నా వెనకాల ఓ ముసలమ్మ ఇద్దరు మనవలతో నిలబడింది. బురఖా, చేతిలో నీళ్ళసీసా. కోటలోని మొహల్లాలోనే పుట్టి పెరిగిందట. కావలాయన ఆవిణ్ణీ పేరు రాయమన్నాడు. ఆవిడ నావైపు తిరిగి ఉర్దూ, తెలుగూ కలిపి, "నేను రాయనింకె రాదమ్మా, మీరే రాయుండ్రి" అంది. రాశాను. అలా ఆవిడా నేనూ కలిసి నడిచాం.

హాతియాన్ కా ఝాడ్. ఏనుగుల చెట్టు. చూడనివాళ్ళకి ఎలా చెప్పను? ఏనుగులు నాలుగైదు వీపులు ఆనించుకుని నిలబడితే పైన కొమ్మలు మొలిచినట్టు వుంది. చెట్టు చుట్టుకొలత 27 మీటర్ల పైమాట. ఇది మన దేశపు చెట్టు కాదు, ఆఫ్రికాది. బావోబాబ్ అంటారు. అరబ్బు వర్తకులో, ఫకీర్లో విత్తనం తెచ్చి వుంటారని చెప్పుకుంటారు. నాలుగొందల ఏళ్ళ పైబడిందంటారు. అదే నిజమైతే గోడ కట్టేటప్పటికే ఈ చెట్టు ఇక్కడుంది. ఔరంగజేబు ఫిరంగులు విని వుండాలి. బోదెలోనే నీళ్ళు దాచుకుంటుంది. రాత్రి పూట పూస్తుంది, గబ్బిలాలు వచ్చి తేనె తాగుతాయి. లోపలంతా తొర్ర. పది మంది పైగా కూర్చోవచ్చు. నలభై మంది దొంగలు అందులో దాక్కునేవారని పాత కథ.

"దొంగలు గాదు, మేము" అంది ముసలమ్మ. "మేము చిన్నగున్నప్పుడు పొద్దంత దాంట్లనే. గోడల మీంచి సీతాఫలాలు తెంపుకొచ్చి దాంట్ల కూసొని తినేటోళ్ళం. మా అమ్మ పిలిస్తె పలికేటోళ్ళం గాదు."

"అప్పుడు గేటు వుండేదా?"

"గేటెక్కడిదమ్మా! మేకలొస్తుండె, మేమొస్తుంటిమి." ఆగి, నవ్వింది. "పాములు కూడా వస్తుండె. తాగుబోతులు వస్తుండె. పెండ్లీడుకొచ్చినంక మా అమ్మ పంపలే."

ఆ మాటకి నాకు సమాధానం దొరకలేదు. గేటు లేని రోజుల్లోనూ ఆవిడకి ఒక వయసు దాటాక దారి మూసుకుపోయింది. గేటు పెట్టాక రిజిస్టరులో సంతకం కావాలి. ఇక గోల్ఫే రాకపోతే ఆ నేల పచ్చగా వుండేదా, ప్లాట్లయ్యేదా? ప్లాట్లయ్యేదనే నా భయం. మావైపు బతుకుతూ వేరేలా అనుకోలేను. 2025 ఫిబ్రవరిలో మా మండలంలోని ప్యారానగర్‌లో నగరపు చెత్త పోస్తామన్నప్పుడు వూళ్ళకి వూళ్ళు రోడ్డెక్కాయి. ఖాళీ నేలంటే ఎవరికి ఏం కనిపిస్తుందో మాకు బాగా తెలుసు.

అయినా మనసు కుదుటపడలేదు. చెట్టు దగ్గరే పాతకాలపు మసీదు, ముల్లా ఖయాలీ మసీదు వుంది. ముల్లా ఖయాలీ కుతుబ్‌షాహీ కవి. ఇంకోవైపు ముస్తఫా ఖాన్ మసీదు. పక్కన శాతం చెరువు. ఇక కింద ఏముందో అసలు సంగతి అక్కడుంది. 2014లో పురావస్తు శాఖవాళ్ళు తవ్వితే కుతుబ్‌షాహీల తోట బయటపడింది. నీటి కాలవలు, తేరుకునే తొట్లు, నడకదారులు, చిమ్మనగ్రోవులు. పంపుసెట్లు లేని రోజుల్లో ఎత్తునుంచి పల్లానికి నీళ్ళు పారించి పైకి చిమ్మించారు. అంటే ఇక్కడ నీళ్ళు పోసి పచ్చదనం పెంచడం ఇప్పటి సరదా కాదన్నమాట! రాజు భయంతో గోడ కట్టించాడని నేను అంతసేపూ చెబుతూ వచ్చాను. ఆ గోడ లోపల తోట కూడా వుండేది. నా పాఠంలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి వుండాల్సింది.

తోట మళ్ళీ తవ్వి చూపించాలా, పచ్చిక పరుచుకోనివ్వాలా అని పెద్దలు వాదించుకుంటారు. కుతుబ్‌షాహీ కట్టడాలు యునెస్కో వారసత్వ పట్టికకి పరిశీలనలో చేరింది 2010లో. ఇంకా ఆ పరిశీలన జాబితాలోనే వున్నాయి. నన్నడిగితే తవ్విన చోట బంతులు పడకూడదంటాను. మా మేనల్లుడు దీనికి ఒప్పుకోలేదు. వాడి బంతి అప్పటికే ఓ బండ వెనకాల పోయింది మరి.

భోజనశాలలో కూర్చుని వాడికి సెయింట్ ఆండ్రూస్ కథ మళ్ళీ చెప్పాను. ఆ వూరి మైదానం ప్రపంచంలో గోల్ఫుకి పుట్టిల్లు లాంటిది. ఆ నేల ఆ వూరివాళ్ళదే. 1552లోనే అక్కడి ఆర్చిబిషప్పు, ఆ నేల మీద జనం బంతాట ఆడుకోవచ్చనీ, తమకి తోచిన ఆటలు ఆడుకోవచ్చనీ ఒప్పుకుంటూ పత్రం రాశాడు. ఇప్పటికీ మామూలుగా ఆదివారం ఆ పాత మైదానంలో ఆట వుండదు. ఆ రోజు వూళ్ళోవాళ్ళు పిల్లల్నీ కుక్కల్నీ వెంటేసుకుని ఆ గడ్డి మీదే నడుస్తారు. గడ్డేమీ పాడవలేదు.

"ఆదివారమా?" అన్నాడు మా వాడు ఉలిక్కిపడి. "అత్తమ్మా, నాకు సెలవు దొరికేదే ఆదివారం!"

"అయితే సోమవారం" అన్నాను. "కార్తీక సోమవారం. వదినె కూడా వస్తుంది."

కేడీ పెద్దాయన అన్నీ వింటూ టీ తాగుతున్నాడు, నిజం టీ. "మా మనవరాలు గూడ ఆ చెట్టు చూడలేదమ్మా" అన్నాడు. "రోజూ దాని పక్కపొంటి నడుస్త నేను. ఎప్పుడు తోలుకొద్దామన్నా పనే."

బయటికొచ్చేటప్పుడు ముసలమ్మ ఇంకా చెట్టు దగ్గరే వుంది. పెద్ద మనవణ్ణి తొర్ర అంచుదాకా తీసుకెళ్ళి లోపలికి చెయ్యి చూపించి ఏదో చెబుతోంది. చిన్నవాడి చేతిలో తెల్లటి గోల్ఫుబంతి. గడ్డిలో దొరికిందేమో, ఎవరికీ ఇవ్వనని పిడికిలి బిగించుకుని నిలబడ్డాడు. అటు గోడ నీడలో ఎవరో ఆటగాడు వంగి వంగి బంతి వెతుక్కుంటున్నాడు. చూస్తే మా మేనల్లుడే.

ఇంటికొచ్చేసరికి పొద్దుగుంకింది. గేటు తీస్తూండగానే వదినె గోడమీంచి అడిగింది, "ఏమండీ, వనభోజనానికి బాగుందా?"

"చెట్టుంది వదినా" అన్నాను. "రిజిస్టరులో పేరు రాయాలి. మన వీధి మొత్తం ఎంతమందిమవుతామో లెక్కెట్టు."